చప్పట్లతో చేసిన వినికిడి పరీక్ష

కరోనా తగ్గి మాస్కులు తీసేసిన ఏడాది, జూన్‌లో, నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తిలోని ఒక పిల్లల చికిత్సా కేంద్రానికి స్పీచ్ థెరపిస్టుగా బదిలీపై వచ్చాను. మాట రాని పిల్లలకు, మాట స్పష్టంగా లేని పిల్లలకు శిక్షణ ఇవ్వడం నా పని. ఈ వృత్తిలో మొదటి నియమం: ముందు వినికిడి పరీక్ష, తర్వాతే మాట. ఆ పరీక్ష చేయాల్సిన ఆడియాలజిస్టు పోస్టు ఖాళీ. చప్పుడు చొరబడకుండా కట్టిన గదిలో విరిగిన కుర్చీలు ప్రశాంతంగా ఉండేవి. కాబట్టి పిల్లలను మహబూబ్‌నగర్ పంపాలి. పంపితే కొందరు తిరిగి రారు, నా హాజరు పట్టిక పలచబడుతుంది. అందుకని బిడ్డ వెనక నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ని. తిరిగి చూస్తే "వినికిడి సాధారణం" అని రాసేవాణ్ని.

ఆత్మకూరు దగ్గరి ఊరి నుంచి దేవమ్మ తన మనవరాలు సువార్తను బస్సులో తీసుకొచ్చింది. నాలుగేళ్ల పిల్ల. తల్లిదండ్రులు పుణెలో బిల్డింగు పనికి పోయారు. చప్పట్లు కొట్టాను. పిల్ల వెంటనే తిరిగింది.

"పోరికి ఇనొస్తలేదేమో సారూ" అంది దేవమ్మ. "ఎనకకెళ్లి పిలిస్తే పలుకది."

చెవులు బాగానే ఉన్నాయని, ఇంట్లో ఎవరూ మాట్లాడించకపోవడమే కారణమని చెప్పాను.

"నేను మాట్లాడనా? మా వాడకట్టుల నా నోటికి కుక్కలు గూడ బెదుర్తయి!"

ఫైల్లో "కుటుంబ నిర్లక్ష్యం" అని రాశాను.

ఏడాదిపాటు ఎదురుగా కూర్చోబెట్టుకుని శిక్షణ ఇచ్చాను. సువార్త "పాప", "మామ", "బాబ" అనడం నేర్చుకుంది. కాకపోతే ఒకటి అనమంటే ఇంకొకటి అనేది. పెదవులు కలిపి పలికే ఈ శబ్దాలు చూసేవారికి ఒకేలా కనిపిస్తాయని కొత్త ఉద్యోగులకు పాఠం చెప్పేది నేనే. అయినా ఉచ్చారణ దోషమని రాశాను. పిల్ల సాధించిన ప్రగతికి నాకు శాలువా కూడా కప్పారు.

తర్వాత ఒక వారం జలుబు చేసి మాస్కు పెట్టుకున్నాను. సువార్త ఒక్క మాటా అనలేదు. ఇంట్లో సాధన చేయించడం లేదని మళ్లీ దేవమ్మనే మందలించాను.

ఆమె లేచింది. కిటికీ తలుపు మూసి, పిల్ల వెనక నిలబడి, సద్దిగిన్నె మీద మూతతో ధనధనా బాదింది. పక్క గదిలోని గుమాస్తా లేచి పరుగెత్తుకొచ్చాడు. సువార్త బొమ్మతో ఆడుకుంటూనే ఉంది.

"పొద్దుగాల ఎండకు నీ నీడ గోడ మీద పడ్తది. దాన్ని సూసి తిరుగుతది. నీ మూతి సూసి మాట్లాడ్తది. గింత సదివినవ్, గిది తెల్వదా సారూ?"

మహబూబ్‌నగర్‌లో పరీక్షకు గంట కూడా పట్టలేదు. రెండు చెవుల్లోనూ తీవ్రమైన లోపం. వినికిడి యంత్రాలు పెట్టారు. మాట నేర్చుకునే వయసులో ఒక ఏడాది పోయిందని అక్కడి డాక్టరు మర్యాదగా చెప్పాడు. ఎక్కడ పోయిందో అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఫైల్లో కొట్టివేతలు కూడదని నిబంధన. సవరణ కాగితం జతచేయవచ్చు. నేను చేయలేదు. "కుటుంబ నిర్లక్ష్యం" ఇప్పటికీ దేవమ్మ పేరునే ఉంది. ముందుగానే ఉద్యోగ విరమణ చేసిన నేను ఆ కాగితం ఇక్కడ రాస్తున్నాను: నిర్లక్ష్యం థెరపిస్టుది.

వినికిడిని యంత్రంతోనే పరీక్షించాలి. ఆ పరీక్ష జరిగేదాకా, రోజూ బిడ్డతో ఉండే మనిషి చెప్పిందే ఫైల్లో మొదటి పేజీలో రాయాలి.