ఇటలీ ఎండకు మా అమ్మ విసనకర్ర

నాకు ఇటలీ ఎండ మీద కుళ్లు. లోకంలో ఆడవాళ్లు పక్కింటావిడ నగలు చూసి కుళ్లుకుంటారు, తోడికోడలి చీర చూసి కుళ్లుకుంటారు. నేను ఎండను చూసి కుళ్లుకున్నాను. నవ్వితే నవ్వండి, నాకేం సిగ్గు లేదు.

మాది ఉదయగిరి. నేను ఆశా కార్యకర్తను. వేసవి వచ్చిందంటే మా పని, ఎండలో తిరగొద్దని ఎండలో తిరిగి చెప్పడం. పొద్దున్నే సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు వేసుకుని ఉపాధి పని జరిగే చోటికి పోతాను. మట్టి తవ్వేవాళ్లకు ఒక్కో ప్యాకెట్ ఇచ్చి, నీడన కూర్చోండి, నీళ్లు తాగండి అని చెబుతాను. అక్కడ నీడ ఎక్కడుందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. తర్వాత ఇల్లిల్లూ తిరిగి ఒంటిగంటకు మా ఇల్లు చేరేసరికి కళ్లు బైర్లు కమ్ముతాయి. మాది రేకుల ఇల్లు. వెనక కొండ. ఆ రాయి పగలంతా కాగి, పొద్దు వాలాక ఆ సెగంతా మా మీదికి వదులుతుంది. రోహిణి కార్తె దాటినా, బడులు తెరిచినా, మా వైపు జూన్ ఆఖరుదాకా పడమటి గాలి ఆగదు.

నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. మేమిద్దరం ఆడపిల్లలం. నా చెల్లెలు ఆరేళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి, అక్కడ తెలిసినవాళ్ల ద్వారా ఇటలీ పోయింది. అక్కడొక పెద్ద ఊళ్లో, ఎనభై దాటిన ఒంటరి ముసలావిడను చూసుకుంటూ ఆమె ఇంట్లోనే ఉండేది. ఆమెను చెల్లెలు ‘అవ్వ’ అనేది. ఆ దేశం భాషలో ఏమంటారో నాకు తెలియదు.

పోయినేడు జూన్ చివర ఒకరోజు నేను ఇంట్లోకి అడుగు పెట్టేసరికి టీవీలో యూరప్ మ్యాప్ వేసి ఉంది. ఇటలీ, స్పెయిన్ అంతా ఎర్రటి ఎరుపు. ‘యూరప్ భగభగ’ అని అక్షరాలకు మంటలు కూడా పెట్టారు. టై కట్టుకున్న కుర్రాడు ఏసీ గదిలో నిలబడి, ఇల్లు కాలుతున్నట్టు అరుస్తున్నాడు. ముప్పై తొమ్మిది డిగ్రీలట! జనం ఫౌంటెన్లలో దిగి నీళ్లు చల్లుకుంటున్నారు. జూలో ఎలుగుబంటికి పండ్లు ఐసులో గడ్డకట్టించి పెడుతున్నారు. దానికి తోడు ఏడుపు సంగీతం ఒకటి. ఆరోజు మా దగ్గర ఎండ దానికంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉంది. ఆ సంగతి టీవీలో అడుగున, బంగారం ధరకూ ఏదో సినిమా వార్తకూ మధ్య, ‘నెల్లూరు జిల్లాలో వడగాల్పులు, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అని పరుగెత్తి పోయింది. ముఖం తుడుచుకుని చూసేలోపు లేదు.

అమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయి ఉంది.

“అయ్యో నా బిడ్డ! ఆ దేశం ఎట్ట కాలిపోతా ఉండాదో చూడమే!” అంది.

నేను సంచి భుజాన వేసుకుని, చీరంతా చెమటతో తడిసి, గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక్క లోటా నీళ్లు ఇస్తుందేమోనని చూశాను.

“జరగమే, టీవీకి అడ్డం నిలబడొద్దు” అంది అమ్మ.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేనే పోయి కుండలో నీళ్లు ముంచుకుని తాగాను. ఎలుగుబంటికి ఐసు పండ్లు పెట్టారు, నాకు నీళ్లిచ్చే దిక్కు లేదు అనుకుంటూ తాగాను. పోనీ, మా ఎండ గురించి పట్టించుకునేవాళ్లు పేపర్లోనైనా ఉన్నారా అంటే, ఆ వారమే మా దగ్గర మేకలు కాసుకునే ఒకాయన చేలో పడిపోయి చనిపోయాడు. నేనే మొదట పోయి నాడి చూసినదాన్ని. జిల్లా పేజీలో ఒక మూల ‘వడదెబ్బకు వృద్ధుడి మృతి’ అని నాలుగు లైన్లు వచ్చింది. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద, అంతే. చదివి అద్దంలో నా ముఖం చూసుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన విన్నపాలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. అమ్మ లేచింది. ఇటలీలో ఎండలు మండిపోతున్నాయని, తన చిన్నబిడ్డ అక్కడ చిక్కుకుందని కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటికి కరెంటు పోయి గంటైంది. ఆడవాళ్లంతా పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. ముందు వరసలో ముసలాయన చొక్కా గుండీలన్నీ విప్పేశాడు. అయ్యగారు చెమటలు కారుతూ కళ్లు మూసుకుని, “ప్రభువా, ఇటలీ దేశం మీదికి చల్లటి గాలి పంపు తండ్రీ” అని ప్రార్థన చేశారు. అంతా ఆమెన్ అన్నారు. ఆ గాలి మా మీదుగా పోయేట్టు పంపమని అడగొచ్చు గదా అని నేను లోపల గొణుక్కున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ దేశంలో చాలా ఇళ్లల్లో ఫ్యాన్లే ఉండవని టీవీలో చెప్పారట. కాబట్టి చిన్నదానికి విసనకర్ర పంపాలి. నా బుర్ర తిరిగింది. అంత గొప్ప దేశానికి తాటాకు విసనకర్రా అంటే వినలేదు. సంతలో కొత్తది కొనింది. అంచు చినక్కుండా గుడ్డ కుట్టాలని పెట్టె తీసింది. తీసి ఏం కత్తిరించిందో తెలుసా? నాయన కొనిచ్చిన మెరూన్ పట్టుచీర అంచు. ఆ చీర నాకివ్వమని మూడేళ్లుగా అడుగుతున్నాను. కట్టుకోవడానికి నాకు ఇవ్వని చీరను విసనకర్రకు కత్తిరించింది! చూపు ఆనక కళ్లజోడు ముక్కు చివరకు జార్చుకుని, నాలుగు రోజులు దగ్గర దగ్గర కుట్లు వేసింది.

“నాకొకటి కుట్టీయవా మా?” అని అడిగాను. నవ్వుతూనే అడిగాను.

“నీకెందుకే? నెత్తి మీద ఫ్యాను తిరగతా ఉండ్లా?” అంది.

కువైట్‌కు పచ్చళ్లు పంపే కొరియర్ షాపు ఆత్మకూరులో ఉంది. పంపడానికి నేనే పోవాలి, ఇంకెవరు పోతారు? సెలవు పెట్టి, అట్టపెట్టెలో విసనకర్ర పెట్టి, మధ్యాహ్నం బస్సెక్కాను. కిటికీలోంచి వచ్చే గాలికి ముఖం మాడిపోతుంటే పెట్టెను ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఎండ పడకుండా కొంగు కప్పాను. నా నెత్తి మీద ఎండ, దాని మీద కొంగు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

షాపులో మనిషి పెట్టెలో ఏముందని అడిగాడు. చెప్పాను. “ఇటలీకా? ఇసనకర్రా?” అని నవ్వి, లోపలివాళ్లను కూడా పిలిచి చెప్పాడు. వాళ్లూ నవ్వారు. ఒక కాగితం ఇచ్చి నింపమన్నాడు. అందుకునేవారి పేరు చెల్లెలిది. పంపేవారి దగ్గర తన పేరే రాయాలని, నా పేరు రాయొద్దని అమ్మ రెండుసార్లు చెప్పి పంపింది. రెండు పేర్లూ రాశాక ఆ కాగితంలో నాకు చోటే లేదు. పెన్ను మూత పెట్టేశాను.

“అడ్రసు సరిగా లేదు, మళ్లీ వస్తా” అని అబద్ధం చెప్పి పెట్టె తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆత్మకూరు బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని టేపు పరపరా చింపాను. విసనకర్ర తీసి విసురుకున్నాను. అబ్బ, ఏం గాలి! పక్కన కూర్చున్న ఒకామె అంచు పట్టుకుని చూసి, “భలే ఉండాదే. యాడ కొన్నావమ్మా?” అని అడిగింది.

“కొనలా. మా అమ్మ నాకోసరం కుట్టింది” అన్నాను.

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఉదయగిరి బస్సు వస్తే ఎక్కకుండా ఇంకో గంట అక్కడే కూర్చుని విసురుకున్నాను. ఇంటికొచ్చి పంపేశానని అమ్మకు చెప్పాను. విసనకర్రను ఓఆర్ఎస్ ప్యాకెట్ల అట్టపెట్టెలో అడుగున దాచాను. ఆ పెట్టెను అమ్మ ముట్టుకోదు.

రెండు వారాల పైన గడిచాయి. ఇటలీలో ఎండ తగ్గలేదు, టీవీ అరుపులూ తగ్గలేదు. ఇప్పుడు చనిపోయినవాళ్ల సంఖ్య కూడా చెబుతున్నారు, ఎక్కువగా ముసలివాళ్లేనట. ఒక శనివారం చెల్లెలు వీడియో కాల్ చేసింది. అమ్మ పలకరింపులు కూడా లేకుండా అడిగేసింది.

“ఇసనకర్ర అందిందా మే?”

నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. ఫోనులో చెల్లెలి కళ్లు ఒక్క క్షణం నా వైపు వచ్చాయి. నేను చూపు తిప్పుకున్నాను.

“అందింది మా” అంది చెల్లెలు. “అవ్వకిచ్చినా. పొద్దన్నుంచి ఇసురుకుంటా కూర్చోనుండాది. భలే సంబరపడింది.”

“నా తల్లే! ఒకసారి చూపించమే ఆమెని.”

“ఇప్పుడే పండుకుందిమా. లేపకూడదు.”

అమ్మ ఆనందం చూడాలి! వీధిలో అందరికీ చెప్పుకుంది. నా దొంగతనం బయటపడలేదు, కానీ నా కుళ్లు తగ్గలేదు. లేని విసనకర్రకు కూడా మెప్పు చెల్లెలికే పోయింది.

మరుసటి రోజు పొద్దున నేను కొళాయి దగ్గర బిందె పట్టుకుంటుంటే చెల్లెలు నా ఫోనుకు చేసింది.

“అక్కా, నువ్వు పంపలా గదా?”

తప్పైపోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోరు ఊరుకుందా? “పంపలా. ఏం చేస్తావ్? నీకు ఎండ తగిల్తే చర్చి చర్చంతా ఏడస్తాది. నేను ఈడ రోజూ మాడతా ఉండా, ఒక్కరన్నా అడిగినారా? నీ ఎండకు టీవీ, నీ ఎండకు ప్రార్థన, నీ ఎండకు పట్టు అంచు!” అని బిందె నిండి పొర్లుతున్నా ఆపకుండా తిట్టాను.

చెల్లెలు అంతా విన్నది. తర్వాత మెల్లగా అడిగింది.

“కువైట్‌లో ఆరేళ్లు మిద్దె మీద రేకుల గదిలో ఉండినా. ఈడికంటే ఎక్కువ ఎండ. అప్పుడు నువ్వన్నా అడిగినావాక్కా?”

అడగలేదు. కువైట్ ఎండను టీవీలో ఎవరూ ఎర్రగా చూపించలేదు, నాకూ తోచలేదు.

“పోనీలే, దానికి కాదు ఫోన్ చేసింది” అంది. “అవ్వ లేదక్కా. గురువారం పోయింది.”

“నిన్న పండుకోనుండాదంటివే!”

“ఏం జెప్పమంటావు? అమ్మ ముందర నిన్ను దొంగను చేసేదా? నోటికొచ్చింది చెప్పేసినా.”

తర్వాత ఆగి ఆగి చెప్పింది. నాలుగో అంతస్తు. అవ్వ కూతురు సెలవులకు సముద్రం దగ్గరికి పోయి ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ ముందురోజే కాలిపోయింది, షాపుల్లో ఎక్కడా దొరకలేదు. చెల్లెలే తడి గుడ్డలు వేసింది, నీళ్లు తాగించింది. అంబులెన్సు వచ్చేదాకా మందుల పెట్టె చించి, ఆ అట్టముక్కతో విసిరిందట.

“అది వంగిపోతా ఉండిందక్కా. గాలే రాలా” అంది. “అమ్మకు చెప్పబాక. నాకూ అట్టే అయితాదని బెంగ పెట్టుకుంటాది.”

విసనకర్ర ఉంటే ఆమె బతికేదా? బతికేది కాదు, ఆ మాత్రం నాకు తెలుసు, వడదెబ్బకు ఏం చేయాలో ఊరందరికీ చెప్పేదాన్నే గదా. అయినా నాకు కనిపించింది మాత్రం ఆత్మకూరు బస్టాండులో కాలు మీద కాలేసుకుని విసురుకుంటున్న నేనే.

ఆరోజు ఆదివారం. బిందె ఇంట్లో పెట్టి, చీర మార్చుకుని అమ్మతో చర్చికి పోయాను. విన్నపాలు అడగ్గానే అమ్మ లేచింది. ఇటలీలో తన బిడ్డ చూసుకునే ముసలమ్మకు ఈ ఎండ తగలకూడదని, తను పంపిన విసనకర్ర గాలి ఆమెకు చల్లగా తగలాలని, ఆమె నూరేళ్లు బతకాలని అడిగింది. ముక్కూ ముఖమూ తెలియని మనిషి కోసం అమ్మ గొంతు వణికింది. అబద్ధమెందుకు, అప్పుడు కూడా నాకు కుళ్లే. చచ్చిపోయిన మనిషి మీద కుళ్లు. నాకోసం అమ్మ అలా ఎప్పుడు లేచి నిలబడింది?

అయ్యగారు ప్రార్థన ముగించారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు.

అమ్మ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. “ముసల్ది బతకాలని అడగతా ఉంటే నోట్లో ఏం పెట్టుకున్నావే? ఆమెన్ అను” అంది.

అన్నాను. చర్చంతా తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.