తిథి వేసిన పుట్టినరోజు

హుస్సేనీ ఆలంలో మైసయ్య పాలకొట్టు తెలియనివాళ్లు ఉంటే ఉండొచ్చు గానీ, ఆ కొట్టు గోడకున్న నల్లబోర్డు తెలియనివాళ్లు లేరు. గల్లీలోని తెలుగు ఇళ్లల్లో ఎవరు పోయినా ఆ బోర్డు మీదే రాస్తారు. పైన పెద్దక్షరాలతో పేరు, కింద తిథి, ఆ కింద శవాన్ని ఎన్ని గంటలకు లేపుతారో. మైసయ్య దస్తూరి బాగుంటుందని ఆ పని ఆయన మెడకే చుట్టారు. పాలు పోసే చేత్తో చావులు రాయాల్సి వస్తోందని గొణుక్కుంటాడే గానీ, ఏ ఇంటివాళ్లకూ కాదని చెప్పలేదు.

ఆ బోర్డు పక్కనే ఓ చిన్న పలక వేలాడుతుంటుంది. అది మైసయ్య సొంతం. పొద్దున్నే రేడియోలో ఇవాళ ఫలానా గాయకుడి పుట్టినరోజనో, ఫలానా సంగీత దర్శకుడి జయంతి అనో చెప్తే చాలు, పాల క్యాన్లు అట్లాగే వదిలేసి సుద్దముక్క అందుకుంటాడు. నాలుగు వరసలు రాస్తాడు. పొగడ్తకు పొగడ్త, వెక్కిరింపుకు వెక్కిరింపు. గొంతు పైకెత్తితే ఇక దించని ఓ గాయకుడి మీద రాసింది గల్లీలో చాలామందికి నోటికొచ్చు:

నువ్వెత్తిన పైస్వరము మేడెక్కి కూసున్నది
దించుదమంటె గల్లీల నిచ్చెనే లేకున్నది
నీ పాట ఇనుకుంట నిలవడితి, ఏమైంది?
పాలన్ని పొంగినయ్, పొయ్యారిపోయింది!

ఇవన్నీ మొదట భార్య యశోదను నవ్వించడానికి రాసినవి. ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది, ఆయనకు తెలిస్తే నీ మీద కేసు పెడతాడని బెదిరించేది. యశోద పోయాక కూడా మైసయ్య రాయడం మానలేదు. పాలకు వచ్చినవాళ్లు చదివి, బాగుందన్నా అని, ప్యాకెట్ సంచిలో వేసుకుని పోతారు. బాగుందనిపించుకోవడానికా ఆయన రాసేది? నవ్వాలి గదా! పక్కనే ఒక మనిషి గట్టిగా నవ్వితే విని ఎంత కాలమైందో మైసయ్యకే తెలుసు. ఇంట్లో ఒక్కడే కూర్చుని అన్నం తింటుంటే కంచం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదు.

కొట్టుకు ఎదురింట్లో రుక్మిణమ్మ ఉంటుంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెళ్లంటే ఆమె మంగళహారతి ఉండాల్సిందే. పాట అల్లేది ఆమే, వరస కట్టేది ఆమే, పాడేదీ ఆమే. పిల్లలు కలగలేదు. తమ్ముడి కొడుకు మురళికి పసితనంలోనే తల్లి పోతే, తెచ్చుకుని పెంచింది. తన పాటలతోనే నిద్రపుచ్చింది, చదివించింది, పెళ్లి చేసింది. అతను జహనుమాలో కాపురం పెట్టాడు. జహనుమా ఏమన్నా సముద్రాలవతల ఉందా? ఆటో ఎక్కితే వచ్చేస్తుంది. అయినా రాడు. పెళ్లిళ్లలోకి డీజేలు వచ్చాక రుక్మిణమ్మను పిలిచేవాళ్లు కూడా లేకుండా పోయారు. ఆమె తలుపు మూసుకుంది. కిటికీలో గిన్నె పెడితే మైసయ్యే వెళ్లి పాలు పోసి వస్తాడు. గిన్నె కనబడుతుంది గానీ మనిషి కనబడదు.

తాను నాగుల పంచమి నాడు పుట్టానని ఆమె ఎప్పుడో యశోదతో అన్నది. ఈ ఏడాదితో డెబ్బై నిండుతాయి. ముక్కూ మొహం తెలియని సినిమావాళ్లందరికీ రాస్తూ మన గల్లీ గాయనికి రాయకపోతే ఎట్లా అనుకున్నాడు మైసయ్య. ఆమెను ఒక్కసారి నవ్వించాలి, ఆ తలుపు తీయించాలి. అదే పట్టుదల. పద్యం పెరిగి పెరిగి పలక మీద పట్టలేదు. పక్కన పెద్ద బోర్డు ఖాళీగా ఉంది. ఎక్కించేశాడు.

పైన పెద్దక్షరాలతో రుక్మిణమ్మ అని రాశాడు. ఆమె పుట్టిన తారీఖు ఎవరికి తెలుసు? అందుకని కింద శ్రావణ శుద్ధ పంచమి అని వేశాడు. దాని కింద చిన్నక్షరాల్లో పద్యం. పుట్టినరోజులకు తారీఖు, పోయినవాళ్లకు తిథి. ఈ గల్లీకి ఆ లెక్క నేర్పిందే ఆయన. ఆ బోర్డు మీద పేరు, తిథి కలిసి కనబడితే ఏమనుకుంటారో ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

పైగా నాగుల పంచమి గదా, ఆ పొద్దున పుట్టలో పోసే పాలకోసం ఆడవాళ్లు వరసకట్టారు. మైసయ్యకు తలెత్తే తీరిక లేదు. వచ్చినవాళ్లు బోర్డు చూసి అయ్యో అనుకోవడం, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఆయన గమనించలేదు. పుట్టకని తెచ్చిన పూలు రుక్మిణమ్మ గడపకు చేరాయి. పక్కింటి బాలమ్మ గడప మీద కూలబడి శోకాలు మొదలుపెట్టింది. పాడె కట్టే వెదురు బొంగులకు ఎవరో మనిషిని పంపారు. ఇంకెవరో మురళికి ఫోన్ చేసి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టి, వివరాలకు మైసయ్యను అడగమన్నారు. అంతలో తలుపు తెరుచుకుంది. చాయ్ గిన్నె పట్టుకుని రుక్మిణమ్మే బయటికి వచ్చి, ఎవరు పోయారే అని అడిగింది.

బాలమ్మ ఏడుపు సగంలో ఆగిపోయింది. సంగతి తెలిశాక నవ్వినవాళ్లు నవ్వారు, మైసయ్యను తిట్టినవాళ్లు తిట్టారు. రుక్మిణమ్మ మాత్రం ఎవరినీ పోనివ్వలేదు. చాప పరిచింది, ఉన్న పాలన్నీ పోసి చాయ్ పెట్టింది. కానీ బతికున్న మనిషి దగ్గర ఎంతసేపని కూర్చుంటారు? పుట్టకు పోవాలని ఒకరు, పొయ్యి మీద కూర పెట్టి వచ్చానని ఒకరు, మెల్లగా లేచిపోయారు. పూలు మాత్రం గడప దగ్గరే ఉండిపోయాయి.

సిగ్గుతో మైసయ్య ప్రాణం చచ్చిపోయింది. తడిగుడ్డ తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లేసరికి వెనకనుంచి ఒక చెయ్యి అడ్డం వచ్చింది. చూస్తే రుక్మిణమ్మ. గడప దాటి ఎన్నాళ్లకు వచ్చిందో.

"తుడవకు మైసయ్యా. ఇంకా రావల్సినోళ్లు ఉన్నరు."

ఎవరి గురించో ఆయనకు తెలుసు. తప్పయిపోయిందని, మురళికి తానే ఫోన్ చేసి పుట్టినరోజని చెప్తానని అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పుట్టిన్రోజంటే రాడు. గిదంటే వస్తడు. ఒక్కసారి వాని మొఖం సూస్త. తర్వాత ఎన్ని తిట్టినా పడ్త."

ఏం చేస్తాడు? గుడ్డ పక్కన పెట్టాడు. ఇద్దరూ కొట్టు ముందున్న బెంచీ మీద కూర్చున్నారు. కళ్లజోడు తెచ్చుకోలేదు, నా మీద ఏం రాశావో చదువు అంది ఆమె. మైసయ్య గొంతు సవరించుకున్నాడు.

రుక్మిణమ్మ మంగళారతి మొదలువెట్టెనంటె
పెండ్లికొడుకు పీటమీదె కునుకు తీసెనంట
పల్లవయ్యెటాల్లకు పప్పు సల్లగయ్యె
చరణమయ్యెటాల్లకు సుట్టమింటికొయ్యె
డెబ్బై నిండినా గొంతుకు ముసలితనం రాలేదా?
గల్లీ ఇనవట్టెనక్కా, తలుపు తియ్యరాదా?

పెళ్లికొడుకు కునుకు దగ్గర ఆమె కిసుక్కుమంది. పప్పు దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక పడీ పడీ నవ్వింది. అట్లా కునికిన పెళ్లికొడుకు ఒకడు నిజంగానే ఉన్నాడని, తలంబ్రాలు తలమీద పడేదాకా లేవలేదని, కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. మైసయ్య కూడా నవ్వాడు. యశోద పోయాక ఆయనకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఈ నవ్వు కోసం గల్లీ మొత్తంతో తిట్లు తిన్నా ఫికర్ లేదనుకున్నాడు.

కానీ గల్లీ మలుపులో ఆటో చప్పుడైనప్పుడల్లా ఆమె అటే చూసేది. పొద్దు నెత్తిమీదికి వచ్చి పక్కకు వాలింది. చాలా ఆటోలు వచ్చాయి, పోయాయి. ఆఖరికి మైసయ్య ఫోన్ మోగింది. ఆయనకు చెవి కాస్త మందం, అందుకని ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. మురళి గొంతు బయటికే వినిపించింది.

"మైసయ్య కాకా, మెసేజ్ సూసిన. ఎన్నింటికి లేపుతున్నరు? నాకు జర డ్యూటీ ఉన్నది. ఇంటికి రాను గానీ, సీదా శ్మశానం కాడికే వస్త."

మైసయ్య జవాబు చెప్పేలోపే రుక్మిణమ్మ ఫోన్ మీదికి వంగింది.

"ఇంకా టైం అనుకోలే బిడ్డా."

"మంచిదమ్మా. అనుకున్నంక మెసేజ్ పెట్టమనుండ్రి."

మాట్లాడేది ఎవరని కూడా అడగకుండా మురళి ఫోన్ పెట్టేశాడు.

సిగ్నల్ సరిగ్గా లేదేమో, ఈ ఫోన్లో అందరి గొంతులూ ఒక్కతీరుగానే వినబడతాయని మైసయ్య నచ్చజెప్పబోయాడు. ఆ మాట తనకే అబద్ధంగా తోచి మధ్యలో ఆపేశాడు.

"నా గొంతు గుర్తువట్టలే మైసయ్యా," అంది రుక్మిణమ్మ. "ఇగ తుడువు."

మైసయ్య గుడ్డ తడిపి లేచాడు. పద్యం సులువుగానే పోయింది. పేరు మాత్రం సుద్ద గట్టిగా ఒత్తి రాసినందువల్ల ఒకపట్టాన పోలేదు. గుడ్డ మళ్లీ తడిపి తుడిచాడు. ఆఖరి అక్షరం పోయేదాకా ఆమె పక్కనే నిలబడి చూసింది.