రిజర్వాయర్ ఒడ్డున మా బతుకమ్మ

ఐర్లాండులో నేస్ అనే ఊరి బయట, మా ఇళ్ల ఎస్టేట్ దాటి గొర్రెల పొలం పక్కనుంచి నడిస్తే రిజర్వాయర్ వస్తుంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు మంచినీళ్లిచ్చిందట. కొత్త పైపులు వచ్చాక దాన్ని వాడడం మానేశారు. అక్కడ ఇల్లు కొనుక్కుని ఏళ్లు గడిచినా నేను అటువైపు వెళ్లిందే లేదు. లాక్‌డౌన్ పెట్టి, ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదన్నాకే, ఆ ఐదు కిలోమీటర్లలో ఏముందో చూద్దామని బయల్దేరాను. ఉన్నదల్లా ఆ రిజర్వాయరే.

అత్తమ్మ అప్పటికే మా దగ్గర ఇరుక్కుపోయి ఉంది. సిద్దిపేట పక్క పల్లె నుంచి, మనవరాలితో కొన్నాళ్లుండి పోదామని ఫిబ్రవరిలో వచ్చింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మా ఆయన ఆసుపత్రి డాక్టరు కాబట్టి ఇంట్లో ఉన్నా పైగదిలో విడిగా ఉండేవాడు. నేను లాప్‌టాప్ ముందు కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేదాన్ని కాదు. అత్తమ్మకు మిగిలింది మా ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే. నానమ్మ తెలుగులో అడిగేది, పిల్ల ఐరిష్ యాసలో ఇంగ్లీషులో జవాబిచ్చేది. వాళ్లిద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. మధ్యలో నాకే పిచ్చెక్కేది.

ఆ వేసవిలో రిజర్వాయర్ దగ్గర ఒక పని మొదలైంది. చుట్టుపక్కల వాళ్లు కొందరు చేరి, పాడుబడిన ఆ ఒడ్డును బాగుచేస్తున్నారు. కలుపు మందు కొట్టరు, యంత్రాలు తేరు. ఎడంగా ఇద్దరిద్దరు నిలబడి చేత్తో కలుపు పీకుతారు. కోసుకుపోతున్న గట్టుకు విల్లో చెట్టు కొమ్మలతో దడి అల్లుతారు. అక్కడి గడ్డి, అక్కడి పూలు మళ్లీ మొలవాలని ఆ చుట్టుపక్కలే విత్తనాలు ఏరి చల్లుతారు. వాళ్లకు పెద్ద, రిటైరైన ఒక బయాలజీ టీచరు. ఆరడుగుల మనిషి, ఎండలోనూ వానలోనూ అవే రబ్బరు బూట్లు. మేం ఇంట్లో ఆమెను టీచరమ్మ అనుకునేవాళ్లం. నేను దూరం నుంచే హలో చెప్పి వచ్చేసేదాన్ని. కలుపు పీకడానికా నేను ఐర్లాండ్ వచ్చింది అనుకునేదాన్ని.

అక్టోబర్ వచ్చింది. బతుకమ్మ రోజులు మొదలైనప్పటి నుంచి అత్తమ్మ అన్నం సరిగా తినలేదు. పెళ్లయి అత్తారింటికి వచ్చిన ఏడు మొదలు సద్దుల బతుకమ్మ ఆమె చేతుల మీదుగా నీళ్లలోకి పోని ఏడాది లేదు. ఇక్కడ గునుగు లేదు, తంగేడు లేదు, నలుగురు ఆడవాళ్లను పిలుద్దామంటే రూలు ఒప్పుకోదు. వచ్చే ఏడు చేద్దాం లెండి అన్నాను. ఆమె నా మొహం వంక ఒక చూపు చూసింది. ఆ చూపు కంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

సద్దుల రోజు మధ్యాహ్నం నా మీటింగ్ నడుస్తుంటే వెనక తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే నానమ్మ, మనవరాలు. ఒళ్లంతా పూలే. గులాబీ రంగు పూలు, ఎర్రటి లావుపాటి కాడలు. అత్తమ్మ మొహం వెలిగిపోతోంది.

“చెర్వు కాడ వనమంత ఇవే ఉన్నయే పిల్లా. ఇన్ని పూలు పెట్టుకోని లేవంటవేంది?”

నాకు మీటింగ్ మీద మనసు నిలవలేదు. ఏదో సాకు చెప్పి కెమెరా ఆపేసి వంటింట్లో కింద చతికిలబడ్డాను. పెద్ద తాంబాళం తీశాం. అత్తమ్మ వరస మీద వరస పేరుస్తుంటే నేను కాడలు తుంచి అందించాను. ఆ పూల మధ్య చిన్న చిన్న ఆకుపచ్చ కాయలున్నాయి. ముట్టుకుంటే చాలు టప్పుమని చిట్లి గింజలు చిమ్ముతున్నాయి. పొయ్యి కిందికి, అల్మరా కిందికి, మా జుట్టులోకి. పిల్ల పడీపడీ నవ్వుతూ దొరికిన కాయనల్లా చిట్లించింది. పైనుంచి మా ఆయన ఏంటా గోల అని అరిచాడు. పసుపుతో గౌరమ్మను చేసి పైన నిలిపేసరికి నాకు ఒళ్లు పులకరించింది. ఐర్లాండులో ఇంత ఎత్తు బతుకమ్మ మా ఇంట్లోనే లేచిందని ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

పొద్దు వాలకముందే ముగ్గురం పట్టుబట్టల మీద కోట్లు తొడుక్కుని రిజర్వాయర్ దగ్గరికి వెళ్లాం. నీళ్లు పది అడుగుల దూరంలో ఉండగా టీచరమ్మ గట్టు మీద నుంచి రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొచ్చింది.

“ఆగండి, దయచేసి ఆగండి. అది నీళ్లలో వేయకండి.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. మా పండుగ ఆపడానికి నువ్వెవరు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె రెండు మీటర్ల అవతల నిలబడి, రొప్పుతూనే నెమ్మదిగా చెప్పింది. దాని పేరు హిమాలయన్ బాల్సమ్. అందంగా ఉందని ఎప్పుడో తోటల కోసం తెచ్చారు, ఇప్పుడది ఏటి ఒడ్డులన్నీ మింగేస్తోంది. వేసవంతా వాళ్లు పీకింది ఆ మొక్కనే. అవతలి ఒడ్డంతా అయింది, ఇవతలి ఒడ్డు మిగిలింది. కాయలు చిట్లి గింజ నీళ్లలో పడితే తేలుతూ పోయి అవతలి ఒడ్డున మళ్లీ మొలుస్తుంది. మేం చేతుల్లో పట్టుకొచ్చింది గింజల గోపురం.

“ఏమంటున్నదే?” అంది అత్తమ్మ.

“ఇది పాడు మొక్కంట అత్తమ్మా. మన హిమాలయాల నుంచి వచ్చిందంట. నీళ్లల్ల వెయ్యొద్దంటుంది.”

“మన దిక్కు మొక్కనా? మన దిక్కుదైతే పాడుదా?” అత్తమ్మ తాంబాళాన్ని దగ్గరికి లాక్కుంది. “నీళ్లల్ల ఇడువకపోతే అది బతుకమ్మెట్లయితది?”

ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. టీచరమ్మ క్షమించమంది. కంపోస్టులో కూడా వేయొద్దని బతిమాలింది.

బతుకమ్మను ఇంటికి వెనక్కి తెచ్చిన వాళ్ల గురించి నేను ఎక్కడా వినలేదు. పారేయడానికి చేతులు రాలేదు. చివరికి బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టి అందులో వదిలాం. టబ్ చుట్టూ తిరగడానికి చోటేదీ? అత్తమ్మ టబ్ అంచు మీద దీపం పెట్టి, గోడవైపు తిరిగి చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది. రెండు చరణాలకే పాట ఆగిపోయింది. ఆమె కోసం కలిపిన పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది అలాగే ఉండిపోయాయి. ఆకలి లేదంది. ఆమె పడుకున్నాక నేను, మా ఆయన టీ వడగట్టే జాలీతో టబ్బులో గింజలు ఏరి, మరిగే నీళ్లు పోసి చంపాం. టీచరమ్మ మీద ఎంత కోపమొచ్చిందో, ఆమె చెప్పింది నిజమైనందుకు అంతకు రెట్టింపు ఒళ్లు మండింది.

చలికాలంలో అత్తమ్మ రిజర్వాయర్ వైపు రానని భీష్మించింది. జనవరిలో ఒక ఎండ పూట ఎలాగో లాక్కెళ్లాను. ఆ గులాబీ వనం మాయమైపోయింది. మొక్కలన్నీ చలికి చచ్చాయి, వాటి కింద ఒక్క గడ్డిపోచ లేదు. బోసి మట్టి. వానకు ఆ మట్టంతా నీళ్లలోకి జారుతోంది. అవతలి ఒడ్డు మాత్రం విల్లో దడి పట్టుకుని పచ్చగా ఉంది. అత్తమ్మ మట్టి మీద చెప్పుకాలితో గీసి చూసింది.

“ఇది ఉంటే గడ్డి మొలవది. గడ్డి లేకుంటే కట్ట నిలవది.” చెప్పుకంటిన మట్టి దులుపుకుని, “టీచరమ్మకు చెప్పు. ఎండకాలం నేనొస్త,” అంది.

నాకు నిజంగా నమ్మకం కుదరలేదు. కానీ అనుకున్నది చేయకపోతే ఆమె మా అత్తమ్మే కాదు. విమానాల సంగతి తేలక తిరుగు టికెట్టు వాయిదా పడుతూ పోయింది. రాలిన గింజలతో ఆ వనం మళ్లీ లేచింది. జూలై రాగానే ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని, మా ఆయన పాత బూట్లు వేసుకుని ఒడ్డు మీద దిగింది. పీకడం ఎంత తేలికో ముట్టుకుంటే గాని తెలియలేదు. వేరు పైపైనే ఉంటుంది, నా ఎత్తు మొక్క ఒక్క లాగుతో ఊడి చేతికొస్తుంది. అబ్బ, ఆ లాగడంలో ఉన్న హాయి! రోజంతా స్క్రీన్ ముందు కూర్చుని పెంచుకున్న చిరాకంతా ఒడ్డు మీద పోగుపడేది.

తర్వాత శ్రావణమాసం వచ్చింది. నేస్‌లోని తెలుగు ఆడవాళ్లందరికీ మంగళవారం, శుక్రవారం పూజకు పూలు కావాలి. సూపర్‌మార్కెట్ పూలు మొగ్గలోనే వాడిపోతాయని వాట్సాప్ నిండా ఏడుపే. అత్తమ్మ నా ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టించింది. “మా చెర్వు కాడికి రాండ్రి, పూలు ఉత్తగనే. కాని పువ్వు కావాల్నంటె మొక్కంత పీకాలె.”

వచ్చారు. ముందు నలుగురు, తర్వాత కార్లకు కార్లు. ఆంధ్రా వాళ్లు, తెలంగాణ వాళ్లు, మాస్కులు, మ్యాచింగ్ గాజులు. కాయ పట్టకముందే పువ్వు సజ్జలోకి, మొక్క కుప్పలోకి. మా మాటలకు, నవ్వులకు అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయేవి. టీచరమ్మ చుట్టూ చూసి, “దిస్ ఈజ్ గ్రాండ్” అని తనలో తనే అనుకుంటూ తిరిగేది. మేం ఖాళీ చేసిన చోటల్లా ఆమె మనుషులు అక్కడి గడ్డి విత్తనం చల్లారు, తుమ్మెదలకిష్టమైన ఊదారంగు పూల నారు నాటారు. విల్లో దడి మా వైపుకీ వచ్చింది. ఆగస్టు పోయేసరికి ఇవతలి ఒడ్డు నాకే కొత్తగా కనిపించింది. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చిన రోజు కూడా నేను అంత పొంగిపోలేదు.

ఆ తర్వాత చిక్కు తెలిసింది. అక్టోబర్‌లో బతుకమ్మకు పూలేవీ? ఉన్నవన్నీ మేమే పీకేశాం. నేను బెంగపడుతుంటే అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లింది. టీచరమ్మ తన డాలియాలు, బంతిపూలు బకెట్లకొద్దీ ఇస్తానంది. నీళ్లలోకి వదలడానికి కూడా ఒప్పుకుంది. పళ్లెం, దారం, ప్లాస్టిక్ ఏదీ ఉండకూడదంది. పూలు, ఆకు, పసుపు, అంతే. అత్తమ్మ ఆమె షెడ్డు పక్కన హాలోవీన్ కోసం పెంచిన గుమ్మడి తీగను చూపించి, ఒక ఆకు అడిగింది. పళ్లెం బదులు బతుకమ్మ అడుగున పరిచేది ఆ ఆకేనని తెలియక, కాయ వదిలేసి ఆకు ఎందుకో టీచరమ్మకు అర్థం కాలేదు. అయినా పెద్ద పెద్దవి ఏరి కోసిచ్చింది.

సద్దుల సాయంత్రం ఒడ్డు మీద ఇరవై బతుకమ్మల దాకా నిలిచాయి. ఈసారి చుట్టూ తిరగడానికి కావలసినంత చోటు. అత్తమ్మ పాట ఒక్కచోట కూడా ఆగలేదు. ఆట అయ్యాక ఆమె తన బతుకమ్మను గుమ్మడాకులతో సహా రెండు చేతులా ఎత్తుకుని ముందు నడిచింది. నీళ్ల అంచు దాకా వచ్చి ఠక్కున ఆగిపోయింది. వెనక వస్తున్న మేమందరం ఒకరికొకరం తగిలి నిలబడ్డాం.

రెల్లు పక్కన ఒక్క గులాబీ రంగు పువ్వు. వేసవంతా మా కళ్లు కప్పి బతికిన ఒకే ఒక్క మొక్క.

అత్తమ్మ అటూ ఇటూ చూసి, పక్కనే ఉన్న టీచరమ్మ చేతుల్లో బతుకమ్మను పెట్టేసింది. పట్టుచీర బురదలో పడుతున్నా వంగి, మొక్కను వేరుతో సహా లాగింది. ఆకులు ఒక్కొక్కటే ఎత్తి కాయల కోసం వెతికింది. ఒక్కటీ లేదు. పువ్వు తుంచి కొప్పులో పెట్టుకుని, మొక్క మాత్రం కదలకుండా పట్టుకుని నిలబడింది.

టీచరమ్మ బతుకమ్మను పట్టుకుని ఏం చేయాలో తెలియక నా వైపు చూసింది.

“నా చేతులకు మట్టయింది. ఆమెనే ఇడవమను,” అంది అత్తమ్మ.

చెప్పాను. టీచరమ్మ రబ్బరు బూట్లతో నీళ్లలోకి మోకాలిదాకా దిగి, వంగి, గుమ్మడాకులను నీటి మీద ఆనించి చేతులు తీసింది. బతుకమ్మ ఒక్కసారి ఊగి నిలదొక్కుకుంది. గాలి దాన్ని మెల్లగా అవతలి ఒడ్డు వైపు తీసుకుపోయింది. పిల్ల కేరింతలు కొట్టింది. ఎందుకో టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. నేనైతే దాచుకోకుండా ఏడ్చాను.

అత్తమ్మ అది కనబడినంతసేపూ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“సద్ది తియ్యే పిల్లా. ఆకలైతున్నది.”