లక్ష్మక్క గంప, నా చున్నీ

ఈ రోజు మా కాలేజీ ల్యాబ్‌లో బెంజైల్ ఎసిటేట్ నా చున్నీ మీద ఒలికింది. సెంట్లలో మల్లె వాసన కోసం కలిపే రసాయనం అది. సాయంత్రం ఆర్మూర్‌లో నందిపేట్ ఆటో కోసం, పూలమ్మే లక్ష్మక్క పక్కన నిలబడ్డాను. ఆమె గంపలో ఉన్నవి కాకడ మల్లెలు. చూపుకు తెల్లగా ఉంటాయి గానీ వాసన అంతంతే. అయినా పసుపు అమ్ముకుని వస్తున్న ఆడవాళ్లంతా ఆగి, "ఎంత మంచి వాసనొస్తున్నయే!" అంటూ మూరలకు మూరలు కొన్నారు.

లక్ష్మక్క గంపను ఒకసారి, నన్నొకసారి వాసన చూసింది. ఆటో రాగానే నా చున్నీ కొంగు పట్టుకుంది.

"జర ఈడనే నిలవడు మేడం. గంప ఖాళీ కానీ, ఇంకో ఆటో వస్తది."

నవ్వొచ్చి ఆగిపోయాను. ఆఖరి మూర నాకిమ్మంటే, "నీకెందుకు మేడం పూలు?" అని అదీ అమ్మేసింది.

ఇప్పుడు చెప్పండి, ఈ చున్నీ ఉతకనా, రేపటికి ఇట్లాగే ఉంచనా?