రేకుల గదికి ఏసీ

హిందూపురంలో మేము అద్దెకున్న గదిలో ఏసీ ఉండేదంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. రొద్దం సంతలో ఒక ఎద్దు నన్ను బేరమాడిందంటే తలూపినవాళ్లు కూడా, ఎనభైల నడుమ రేకుల గదికి ఏసీ ఏమిటని నవ్వుతారు. కానీ ఉండేది. అది ఆడుతుంటే వీధి లైట్లు తల వంచేవి. గోడ మీది బల్లి ట్యూబులైటు దగ్గర చలి కాచుకునేది. ఈ రెండింటిలో లైట్ల సంగతి మాత్రం నిజం.

పెళ్లయిన కొత్తలో నేను ధర్మవరంలో కూలికి మగ్గం నేసేవాణ్ణి. యజమాని ఇంట్లోనే మగ్గం, మగ్గం పక్కనే నా చాప. నా భార్య పెనుకొండలో పుట్టింట్లో ఉండేది. సెలవు దొరికితే ప్యాసింజరెక్కి వెళ్లేవాణ్ణి. అత్తగారింటి జనం మధ్య కూర్చుని మజ్జిగ తాగి, ఆమె మొహం వంటింటి గుమ్మంలో ఒకసారి చూసి, మళ్లీ బండెక్కి వచ్చేసేవాణ్ణి. ఒకసారి స్టేషన్ దాకా సాగనంపుతూ ఆమె అంది: "మనకని ఒక గది ఉండాలయ్యా. అది లేకుండా ఇట్ల ఎన్నాళ్లు?"

ఆ రోజుల్లో హిందూపురం చుట్టుపక్కల అందరూ పట్టుపురుగులు పెంచుతున్నారు. మేమూ పెంచుదామనుకున్నాం. పంట బాగా వస్తే ఇద్దరం అక్కడే ఉండిపోవచ్చు. రాకపోతే ఎవరి ఊరికి వాళ్లు. ఇంతకన్నా మాకు వేరే లెక్క తెలియదు.

గది ఇచ్చినాయన వేరుశనక్కాయల వ్యాపారి. ఇంటి వెనక గోడౌను ఖాళీగా ఉంటే దాన్ని రెండుగా చేసి, పెద్ద గది పురుగులకు, చిన్నది వంటకు ఇచ్చాడు. బెంగళూరులో ఏదో ఆఫీసు పాత సామాన్లు వేలం వేస్తే ఆ ఏసీ కొన్నాడట. తన పడకగదిలో పెట్టుకుంటే పెళ్లాం చలికి తట్టుకోలేక కసిరిందట. తెచ్చి గోడౌను కిటికీకి బిగించాడు.

"బళ్లారి రోడ్డు నుంచి బెంగళూరు దాకా ఎవునికన్నా ఉండాదేమప్పా, ఏసీలో పురుగులు మేపే యోగం?" అన్నాడు నాతో.

"నాకూ లేదన్నా, పురుగులకే" అన్నాను. ఆయన నవ్వితే చేతిలో నశ్యం చిందింది. నశ్యం లేకుండా ఆయన్ని నేను చూడలేదు.

మొదటి పంట బాగా వచ్చింది. పట్టుగూళ్లు మార్కెట్టులో పోసి వచ్చిన రోజు ఆమె చిన్న గదికి సున్నం వేసింది. రెండో పంట వేసేసరికి ఎండలు ముదిరాయి. ఆ రేకుల కింద ఏసీ లేకపోతే పురుగు కాదు, పెనం కూడా బతకదు.

పురుగుల గదికి ఆమె పెట్టిన కట్టుబాట్లు గట్టివి. చెప్పులు బయటే. చేతులు కడుక్కోవాలి. అత్తరు, బీడీ, నశ్యం ఏ వాసనా దగ్గరికి రాకూడదు. పొగాకు తగిలితే పట్టుపురుగు పచ్చగా కక్కి చస్తుంది. ఇది ఆ పని చేసేవాళ్లందరికీ తెలుసు. తెలియనిది మా గది యజమానికే.

ఒక రోజు బత్తలపల్లి నుంచి వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు, ఏసీ చూపించడానికి. గుమ్మంలో ఆమె చేతులు అడ్డం పెట్టింది.

"అన్నా, నశ్యం చేతుల్తో లోపలికి రావద్దు. పిల్లోళ్లు తట్టుకోలేరు."

"ఏ పిల్లోళ్లు?" అన్నాడు వియ్యంకుడు.

"పురుగులంట" అన్నాడు ఈయన, నవ్వలేక.

"అయితే నీ ఇంట్లోకి పోవాలంటే పురుగులు పర్మిషన్ ఇయ్యాలా బావా?" అని ఆ పెద్దమనిషి వీధి చివరిదాకా నవ్వుకుంటూ పోయాడు. ఈయన మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి మావైపు కూడా చూడలేదు.

పురుగులు నాలుగో పొర విడిచి, ఆకు రాత్రీ పగలూ మేసే రోజులవి. సరిగ్గా అప్పుడే ఏసీ మిషన్ ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. నేను పరుగెత్తాను.

"అన్నా, మిషన్ ఆగిపోయినాది."

"ఆగనీ."

"ఎండ చూస్తాండావు గదా. పురుగులు చచ్చిపోతాయి."

"బెంగళూరు మెకానిక్కు బీడీ తాగుతాడప్పా. మీ ఆడమనిషి రానిస్తాదా?"

"స్నానం చేయించి పిలుచుకుంటాం లే అన్నా."

"నేనే పోకూడని చోటికి నా మనిషి ఎట్ల పోతాడు?"

ఊళ్లో రేడియో బాగుచేసేవాణ్ణి పిలుద్దామంటే, తన మిషన్ మీద ఇంకొకడు చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు. ముడుచుకున్న మనిషిని కదిలించడానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే. అరుగు మీద కూర్చుని కథలల్లాను. మీ ఏసీ గాలికి పక్కింటి మేకకు ఉన్ని మొలిచిందన్నాను. మిషన్ ఆగిందని తెలిసి బెంగళూరులో పెద్ద ఆఫీసరు అన్నం మానేశాడన్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకోటి చెప్పప్పా" అన్నాడు. మెకానిక్కును మాత్రం పిలవలేదు.

నేను అక్కడ నవ్విస్తున్నంతసేపూ ఆమె గోనె పట్టాలు తడిపి కిటికీలకు కట్టేది. హిందూపురంలో నీళ్లెక్కడివి? తాగడానికి తెచ్చుకున్న బిందె కూడా పట్టాల మీదే పోసింది. చేటతో విసిరింది. అయినా పాలరోగం తగిలింది. పురుగు ఉబ్బి, చర్మం పగిలి, తెల్లటి పాలు కారుస్తుంది. జబ్బుపడ్డవాటిని ఏరేస్తే మిగతావి బతుకుతాయని ఒక్కొక్కటే ఏరింది. చేతులు మోచేతుల దాకా పాలే.

మర్నాడు ఆ చేతులు కడుక్కుని ఆమె తానే ఆయన అరుగు దగ్గరికి వెళ్లింది. చుట్టూ నలుగురు వ్యాపారులున్నారు.

"తప్పయింది అన్నా. ఇల్లు నీది. నువ్వొస్తే వద్దనేకి నేనెవురు?"

ఆయన నశ్యం డబ్బీ మూత పెట్టి, గుమాస్తాను పిలిచి, మెకానిక్కు కోసం బెంగళూరు బస్సెక్కమన్నాడు.

మెకానిక్కు మరుసటి సాయంత్రం దిగాడు. ఆ మధ్యాహ్నమే పురుగుల తట్టలన్నీ ఖాళీ అయ్యాయి. వెనక గుంత తీసి, సున్నం చల్లి పూడ్చి వచ్చాం. వద్దన్నా వినకుండా మెకానిక్కు పని పూర్తి చేశాడు. మిషన్ కదిలింది. ఖాళీ తట్టల మీద చల్లటి గాలి వచ్చి పడుతోంది.

అప్పుడు వచ్చాడాయన. చెప్పులు దూరంగా విడిచాడు. కొళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గుమ్మం బయట నిలబడి, "బాగయిందమ్మా మిషన్" అన్నాడు.

"లోపలికి రా అన్నా" అంది ఆమె. "ఇంక ఎవురొచ్చినా ఏం గాదు."

ఆయన రాలేదు. తడి చేతులు పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మా ఊళ్లు రెండూ ఒకే రైలు దారిలో ఉంటాయి. గది ఖాళీ చేసి ఒకే ప్యాసింజరులో ఎక్కాం. నేను ఏవో మాటలు చెబుతూనే ఉన్నాను. పెనుకొండలో ఆమె గిన్నెల మూట తీసుకుని దిగింది. నేను ధర్మవరం దాకా కూర్చున్నాను.

మళ్లీ ఒక గది వెతకడానికి చాలా కాలం పట్టింది. ధర్మవరంలోనే, పెంకుటిల్లు, పక్కన వసారా. ఆమెను పిలుచుకు రావడానికి వెళ్లాను. ఆమె మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ మీద కోపం లేదయ్యా. గదంటే నా చేతులు ఇట్లయితాయి" అని అరచేతులు చాచి చూపించింది. అవి వణుకుతున్నాయి. "నేను రాను. నన్ను అడగొద్దు."

అడగలేదు. కానీ గది వదలడానికి మనసు రాలేదు. ఆ ఇంటామె సంసారులకే ఇస్తానని చెప్పి ఇచ్చింది. నెల తిరిగేసరికి అడిగింది: "ఏమబ్బా, మీ ఆడామె యాడ?"

వాళ్లమ్మకు కాలు విరిగిందన్నాను. మరోసారి, చెల్లెలి కాన్పు అన్నాను. ఆ తర్వాత, పెనుకొండ కొండ మీద చిరుత దిగి దారి కట్టేశారన్నాను. ఇంటామె అన్నీ నమ్మేది. చివరకు ఒక రోజు, "రేపటి బండికి వస్తాంది" అనేశాను.

మరునాడు సాయంత్రం ఇంటామె తలుపు తట్టింది. చేతిలో తడి ఆకు, ఆకులో కనకాంబరాల మాల.

"ఇంగా రాలేదా? ఆయమ్మ వస్తానే ఇయ్యి నాయనా. ప్రయాణం చేసి వస్తాది, తలలో పెట్టుకోనీ."

తీసుకున్నాను.