అమ్మ నుదుటి గాటు

పొద్దున ఐదున్నరకు నగరి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను. ఆ రోజు మా అమ్మ తద్దినం. ఏటా చిత్తూరులో మా తమ్ముడు మునిరత్నం ఇంట్లోనే పెడతాము. నా సంచిలో ఒక నూలు చీర ఉంది. పెద్దల ఫోటో ముందర కొత్తబట్టలు పెట్టి మొక్కి, తర్వాత వాటిని ఇంటివాళ్లు కట్టుకోవడం మా ఆచారం. ఊరంతా పవర్లూములు నిండినా, ఆ చీర మాత్రం ఏటా నా చేతిమగ్గం మీదే నేస్తాను.

టికెట్టు ధర రాయను. మీరు చదివేలోపు మారిపోతుంది. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి మగవాళ్లకు సీటు లేదు. పుత్తూరు దాకా నిలబడ్డాను. డెబ్బై దాటినవాడు కమ్మీ పట్టుకొని వేలాడుతుంటే కిటికీ పక్కన కూర్చున్న ఒకామె అంది:

"తాతా, నువ్వూ చీర కట్టుకోనొచ్చుంటే సీటు దొరికుండు గదా!"

"సంచిలోనే ఉండాదమ్మా, ఈడనే కట్టుకునేదా?" అన్నాను.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజుకు నాకు అదే ఆఖరి నవ్వు.

పుత్తూరులో సీటు దొరికింది. కార్వేటినగరం మీదుగా చిత్తూరు చేరేసరికి ఎనిమిది దాటింది. తద్దినం రోజు కాబట్టి కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. తమ్ముడి ఇంట్లో అడుగు పెడుతూనే గోడ మీద కొత్త ఫోటో, దానికి పూలదండ.

"ఎవుర్రా వీళ్లు?" అన్నాను.

"ఏంనా అట్లంటావు? అమ్మా నాయనా! కోడలు తిరుపతిలో చేయించింది. బాగుండాది కదా?"

మా అమ్మానాయనలకు ఉన్నది ఒకే ఫోటో. నా పెళ్లినాడు తీసింది. అందులో నాయనకు చొక్కా లేదు, భుజాన తువ్వాలు. ఈ ఫోటోలో నీలం కోటు, మెడకు టై! మా అమ్మ పట్టుచీరను ఊళ్లోవాళ్ల ఒంటి మీద చూసింది, అంతే. ఇక్కడ జరీచీర, కాసులపేరు, పాలమీగడ లాంటి రంగు. ఎడమ కనుబొమ్మ పైన వేలెడు గాటు ఉండాలి. అక్కడ నున్నగా గిన్నె తోమినట్టుంది.

తమ్ముడి కోడలు హేమ మంచిపిల్ల. చేతులు పిసుక్కుంటూ చెప్పింది: "వొచ్చినోళ్లంతా నుదుటికి ఏమయింది, ఏమయింది అని అడగతా ఉంటారు మామా. పోతే పోనీలే అనుకుంటి."

"అడిగితే చెప్పల్ల!"

"ఏమని చెప్పేది?"

నేను సంచి దించి గోడకు ఆనించాను. తమ్ముడే అందుకున్నాడు: "రుబ్బురోలు మీద పడిందని చెప్పు. అందరికీ తెలిసిందే కదా."

పాతది ఎక్కడుందంటే స్టూడియోలోనే ఉండిపోయిందట. రెండు నెలలైందట! తద్దినం జరిపాము, పిండాలు పెట్టాము. చీర మాత్రం సంచిలోంచి తీయలేదు.

"చీర పెట్టకపోతే అది తద్దినమేనా అన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఆ యమ్మకు నా నూలు చీర ఎందుకురా? పట్టు కట్టుకోనుండాది కదా."

విస్తరిలో అలసంద వడ సగంలోనే వదిలేసి లేచాను. స్టూడియో చిరునామా హేమ చేత కాగితం మీద రాయించుకొని ఒంటిగంటకు తిరుపతి బస్సెక్కాను. మూడున్నరకు బస్టాండు వెనక సందులో ఆ స్టూడియో దొరికింది. గోడ నిండా నమూనాలు. ఐదుగురు తండ్రులకు అదే నీలం కోటు, ఏడుగురు తల్లులకు అదే కాసులపేరు. ఊరందరి పెద్దలూ ఒకే బీరువాలోంచి బట్టలు తీసి కట్టుకున్నట్టుంది.

యజమానికి యాభై ఏళ్లుంటాయి. నేను కేకలేస్తే అతనికి అర్థం కాలేదు.

"మచ్చ తీసేసినందుకు డబ్బులు గూడా తీసుకోలేదు పెద్దాయనా!"

"నిన్నెవురు తీయమన్నారయ్యా? పాతది యాడ?"

అటక మీది నుంచి అట్టపెట్టె దించాడు. "దీంట్లో ఉంటే ఉంటాది. కొత్తది చేతికొస్తే పాతదాన్ని ఎవురూ అడగరబ్బా."

నేల మీద కూర్చుని గంటసేపు వెతికాను. పెట్టె నిండా ముసలివాళ్లు. చెదలు తిన్నవాళ్లు, నీళ్లు తగిలి ముఖం కరిగినవాళ్లు. ఎవరి కన్నవాళ్లో! కొడుకులు కోట్లు వేయించి తీసుకుపోయి, అసలు మనుషుల్ని ఇక్కడ వదిలేశారు. నేను చదివింది మూడో తరగతి. మిగతాదంతా పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను. ఈ చదువుకున్నవాళ్ల తెలివి మాత్రం నాకు ఏ కాగితంలోనూ కనబడలేదు. అడుగున మావాళ్లు దొరికారు. ఒక మూల విరిగింది. గాటు అట్లాగే ఉంది.

సాయంత్రం పాసింజరు పట్టుకున్నాను. రేణిగుంట దాటాక చీర తీసి ఒళ్లో పరిచి, దాని మీద ఫోటో పెట్టి దండం పెట్టుకున్నాను. ఎదుటి సీటులో పూలబుట్టతో ఉన్న ఆమె తొంగి చూసింది.

"మీయమ్మనా? నుదుటికి ఏమైందన్నా?"

పొద్దున హేమకు చెప్పలేనిది ఆ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాను. నాకు పదకొండేళ్లు. నాయన సంతకు పోయిన రోజు, ముట్టుకోవద్దన్న మగ్గం గుంటలో దిగి, నాడెను విసిరే తాడు బలంగా లాగాను. పేక పోగును అటూ ఇటూ మోసే ఆ ఇనుప మొనల నాడె పడుగులోంచి ఎగిరిపోయి, పక్కన నూలు కండెలు చుడుతున్న అమ్మ నుదుటికి తగిలింది. నాయన నన్ను చంపుతాడని, రోలు మీద పడ్డానని చెప్పింది. పోయేదాకా ఆ మాట మార్చలేదు.

"నువ్వూ చెప్పలేదా?" అందామె.

పుత్తూరు స్టేషన్లో బండి ఆగినప్పుడు తమ్ముడికి ఫోన్ చేశాను. ఫోటో దొరికిందని చెప్పి, గాటు సంగతీ చెప్పేశాను.

"స్టూడియోవోడు తుడిచింది మొన్న గదన్నా. నువ్వు అరవై ఏండ్లుగా తుడస్తానే ఉండావు" అన్నాడు.

పెట్టేశాడనుకున్నాను. పెట్టలేదు. "హేమ వింటా ఉండాది. ఎవురన్నా అడిగితే ఇంక అదే చెప్తాదంట. ఆ ఫోటో తెచ్చి ఈడ తగిలించన్నా" అన్నాడు.

నగరిలో దిగేసరికి ఊరంతా మరమగ్గాల మోత. ఫోటోను చీరలో చుట్టి చంకన పెట్టుకున్నాను. తెల్లారితే చిత్తూరుకు మొదటి బస్సు ఐదున్నరకే. పుత్తూరు దాకా నిలబడాలి.