బొందలగడ్డ తొవ్వ కోసం ఒక పూట పస్తు

ఊళ్లలో హక్కుల కోసం కొట్లాడిన పాతతరం మనుషుల జ్ఞాపకాలు పోగుచేయాలని ఈ మధ్య నాకు పిచ్చి పట్టింది. హుజూరాబాద్ దగ్గర ఒక పల్లెలో ఎస్తేరమ్మ అనే పెద్దావిడ ఉందనీ, తమ వాడవాళ్లను ఊరి బావి దగ్గరికి రానివ్వకపోతే వయసులో ఉన్నప్పుడు కలెక్టరాఫీసు దాకా వెళ్లి సాధించిందనీ విన్నాను. అంతే, సంచీ సర్దేశాను. కరీంనగర్ బస్టాండులో పొద్దున ఎనిమిదికి ఎక్కితే గంటంపావులో హుజూరాబాద్. టికెట్టు డెబ్బై లోపే. అక్కడి నుంచి షేర్ ఆటోకు ఇరవై.

"ఎస్తేరమ్మ కాడికా? దీక్షల కూసునేతందుకా?" అన్నాడు ఆటో నడిపే అతను.

"కాదన్నా, కాసేపు మాట్లాడి వచ్చేద్దామని."

"అందరు గట్లనే చెప్తరు," అని నవ్వాడు. నాకు అర్థం కాలేదు.

చర్చి పక్కన టెంటు, కింద జంపఖానా, దాని మీద నలుగురు ముసలమ్మలు. వాళ్లలో ఎనభై దాటిన ఆవిడే ఎస్తేరమ్మ. వాళ్ల బొందలగడ్డకు వెళ్లే తొవ్వను, పక్క పొలం కొన్న ఆసామి రాతి కడీలు పాతి ఇరుకు చేశాడట. సమాధుల దగ్గరికి నడిచి వెళ్లేంత సందు ఉంది కదా అని రెవెన్యూ ఆఫీసులో వీళ్ల అర్జీని కొట్టిపారేశారట. అందుకే పది నుంచి ఐదు దాకా, రోజుకు ఐదుగురి చొప్పున రిలే నిరాహార దీక్ష. ఆ రోజు ఐదో మనిషి షుగరు ఎక్కువై రాలేదు.

"ఆ బావి కొట్లాట గురించి..." అంటూ నోటుబుక్కు తెరిచాను.

"గా ముచ్చట తర్వాత చెప్త గని, జర కూసో బిడ్డా. నలుగురమే ఉంటే దీక్ష బందైందని ఆఫీసోళ్లు రాసుకపోతరు," అంటూ నా మెడలో బంతిపూల దండ వేసేసింది. పొద్దున్నుంచి నేను తిన్నది రెండు బిస్కెట్లు! పన్నెండయ్యేసరికి పక్కింట్లోంచి కోడికూర వాసన మొదలైంది. ఏడుపొక్కటే తక్కువ.

రెండింటికి రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావర్ వచ్చాడు. "అమ్మా, తొవ్వ ఉన్నది కదా. నేనే నడిచి చూసిన."

"నువ్వు నడుస్తవ్ సారూ. నేను నడుసుకుంట పోతనా? పెట్టెల పండి పోత," అని ఆవిడ మంచం తెప్పించి, దాని మీద పడుకుని, మెడ దాకా దుప్పటి కప్పుకుంది. "ఇగ పట్టుండ్రి!"

చర్చి పాస్టరు, అప్పుడే ఇంకెవరినో దించడానికి మళ్లీ వచ్చిన ఆటో అతను, నేను. ఒక మనిషి తక్కువ. "సారూ, గా మంచం కోడు నువ్వు పట్టు," అంది. గిర్దావర్ పట్టక తప్పలేదు. వెనక ముసలమ్మలు చావుపాట ఎత్తుకున్నారు.

"పాటొద్దమ్మా, నాకు బుగులైతుంది," అన్నాడాయన.

కడీల దగ్గర మంచం ఇరుక్కుంది. గిర్దావర్ ప్యాంటు కడీలకు చుట్టిన ముళ్లతీగకు పట్టుకుంది. ఆకలికి నా పట్టు జారి మంచం ఒరిగింది. "మెల్లగ! సంపుతరా ఏంది నన్ను?" అని పైనుంచి కేక.

కిందికి దించాక ఆవిడ లేచి కూర్చుంది. కడీల అవతలికి వేలు చూపింది. "మా ఆయన ఆడనే ఉన్నడు సారూ. మొన్న లూకన్న పెట్టెను గీ కడీల మీదికెంచి ఎత్తి దించుతుంటే జారి పడ్డది. ఆయన పెండ్లాం సూసింది. నాకట్ల కావద్దు."

గిర్దావర్ టేపు తీసి కొలిచి, శవపేటిక పట్టదని కాగితం మీద రాసి సంతకం చేశాడు.

ఐదింటికి నిమ్మరసం ఇచ్చారు. అమృతమంటే అదే. బావి కథ మాత్రం ఆ రోజు వినడం కుదరనే లేదు. పోరాటాలన్నీ ముగిసిపోయినట్టు, జ్ఞాపకాలు ఏరుకోవడానికి వచ్చిన నాకు సిగ్గేసింది. మీరూ ఇలాంటి మనుషుల కోసం వెళ్తుంటే ఒక్క మాట: దీక్ష నడుస్తోందేమో ముందే కనుక్కోండి. నడుస్తుంటే కడుపునిండా తిని వెళ్లండి, కూర్చోబెట్టకుండా వదలరు.

కడీలు జరిపారని పది రోజులకు ఎస్తేరమ్మే ఫోన్ చేసింది. "ముందుగాల నన్నే పొమ్మన్నరు బిడ్డా. పోయిన. మా ఆయనతోని జరసేపు మాట్లాడిన. మళ్ల నడుసుకుంటనే ఇంటికొచ్చిన."